బాకీ అడిగితే బంధం తెగిపోతుందా?

హైదరాబాద్‌లో ఉంటున్న ఒక వయొలిన్ కళాకారిణి ఆరు పేజీల ఉత్తరం రాశారు. వయసు ముప్ఫై మూడు. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నారు. నాలుగేళ్ల క్రితం భర్త ఉద్యోగరీత్యా హైదరాబాద్ వచ్చారు. చిన్నప్పుడు ఆమెకు కమాను పట్టడం నేర్పిన గురువుగారు ఇప్పుడు లేరు. ఆయన కుమారుడు ఇక్కడే సినిమా రికార్డింగులకు వాద్యకారులను సమకూర్చే కోఆర్డినేటర్. ఆమె ఆయనను అన్నయ్య అంటారు. ఈ ఊళ్లో మొదటి అవకాశం ఇప్పించింది ఆయనే.

నెలకు నాలుగు కాల్‌షీట్లు, అంటే రికార్డింగు పిలుపులు, వస్తున్నాయి. నాలుగు గంటల కాల్‌షీటుకు మూడు వేలు. చాలాసార్లు ఒకే వరుసను ఎనిమిది, పది ట్రాకులుగా మళ్లీ మళ్లీ వాయించాలి. వినేవారికి అది నిండు వయొలిన్ బృందంలా వినిపిస్తుంది, డబ్బు మాత్రం ఒక్కరిదే వస్తుంది. పద్నాలుగు నెలల్లో వాయించిన వాటిలో సగానికి పైగా, అంటే 29 కాల్‌షీట్ల సొమ్ము 87,000 రూపాయలు ఇంకా అందలేదు. "పైనుంచి రాలేదమ్మా" అన్నదే ఎప్పుడూ జవాబు. నెల క్రితం స్టూడియోలో బల్ల మీద ఒక బిల్లు ఆమె కంటపడింది. తన పేరుకు ఎదురుగా 6,000 అని రాసి ఉంది. "అడగాలని నోటిదాకా వచ్చింది. చిన్నప్పుడు వాళ్లింట్లో అమ్మగారు పెట్టిన అన్నం గుర్తుకొచ్చి ఆగిపోయాను" అని రాశారు.

సినీ వాద్యకారుల యూనియన్ కార్డు తీసుకుందామని వెళితే ప్రవేశ రుసుము 1,20,000 అన్నారట. వాయించి చూపించాలన్నారట. అయిదేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నట్లు ఆధారం కావాలని, "మా వయొలిన్ వాళ్లలో ఆడవాళ్లు ఎవరూ లేరు" అని అక్కడి వ్యక్తి చెప్పాడట. భర్త ఆ డబ్బు పాప చదువుకు దాచుకుందామంటున్నారు. అన్నయ్య అయితే, "కార్డు తీసుకుంటే నిన్ను పిలవలేను. మా నిర్మాతలు ఆ రేటు ఇవ్వరు. కార్డు లేనివాళ్లతో కలిసి వాయిస్తే నీకే జరిమానా వేస్తారు" అన్నారు. ఇవి చాలవన్నట్లు, వచ్చే వారం రెండు రోజుల పని ఒకటి వచ్చింది. వయొలిన్ మీద ఒక్కో స్వరాన్ని రకరకాల కమాను పట్లతో విడివిడిగా వాయించి రికార్డు చేయించుకోవాలి. 15,000 ఇస్తామని, ఇంగ్లీషులో ఉన్న ఒక కాగితం మీద సంతకం చేయాలని చెప్పారు.

"యూనియన్ వల్ల నాలాంటివాళ్లకు నిజంగా ఉపయోగం ఉందా? లేక ఇవన్నీ వదిలేసి ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పుకోవడమే మేలా?" ఇది ఆమె ప్రశ్న.

*

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను చాలాసేపు ఆపేసిన మాట "నోటిదాకా వచ్చింది" అన్నది. యూనియన్ ఉపయోగం ఏమిటని మీరు అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది. కనీస రేట్లు, బీమా, కష్టకాలంలో సాయం ఇవన్నీ మంచివే. వాటన్నిటికంటే ముందుగా యూనియన్ చేసే పని, మీ డబ్బును మీరు అడగనవసరం లేకుండా చేయడం. ఇవాళ మిమ్మల్ని పనికి పిలిచే మనిషీ, మీకు డబ్బు ఇవ్వవలసిన మనిషీ ఒక్కరే. పైగా ఆయన మీ గురువుగారి బిడ్డ. పాత బాకీ అడిగితే రేపటి కాల్‌షీటు పోతుంది, దానితో పాటు ఒక ఇల్లు దూరమవుతుంది. ఇంత బరువును ఒక మనిషి గొంతు మోయలేదు. మీరు నోరు మెదపలేకపోయినందుకు ఉత్తరంలో రెండుచోట్ల మిమ్మల్ని మీరు నిందించుకున్నారు. అందులో మీ తప్పేమీ లేదు.

చిత్తూరులో పుట్టి, మలయాళ, తమిళ చిత్రాలకు సంగీతం చేసిన ఎం.బి. శ్రీనివాసన్ పేరు మీరు వినే ఉంటారు. మద్రాసులో సినీ వాద్యకారులను యూనియన్‌గా కూర్చడానికి ముందు నిలిచినవారిలో ఆయన ఒకరు. ఆయన సంగీత దర్శకుడు, అంటే వాద్యకారులకు పని చెప్పే స్థానంలో ఉన్నవాడు. అలాంటి మనిషి వచ్చి వాయించేవారి పక్కన కూర్చున్నాడు. తెలుగు పాటల రికార్డింగులు కూడా మద్రాసులోనే జరిగిన కాలం అది. వాద్యకారుడు పెట్టె తెరిచి శ్రుతి చేసుకోవాలి, వాయించాలి, వెళ్లాలి. లెక్క చూసుకోవడం, వసూలు చేయడం మరొకరి పని. ఆ విభజన కుదిరినప్పుడు సంగీత దర్శకుడికీ వాద్యకారుడికీ మధ్య సంగీతం మిగులుతుంది. మీ విషయంలో కూడా, డబ్బు మాట మరొకరు మాట్లాడితే అన్నయ్య మీకు అన్నయ్యగానే మిగిలే అవకాశం ఎక్కువ. బంధం తెంపడానికి యూనియన్‌లో చేరుతున్నానేమో అని మీరు బాధపడుతున్నారు. నాకు అది తలకిందులుగా కనిపిస్తోంది. ఇప్పటిలాగే మరో రెండేళ్లు గడిస్తే ఆ బంధం లోపల్నుంచి పుచ్చిపోతుంది.

అయితే యూనియన్ ఏం చేయదో కూడా చెప్పకపోతే నేను మిమ్మల్ని మోసం చేసినట్లే.

కార్డు పని తెచ్చిపెట్టదు. ఎవరిని పిలవాలన్నది సంగీత దర్శకుడో, ఆయన దగ్గర బృందాన్ని నడిపేవారో నిర్ణయిస్తారు. మీ వాయిద్యం విని పిలుస్తారు, లేదా అలవాటైన మనిషిని పిలుస్తారు. అన్నయ్య నిజంగానే పిలవడం మానేస్తే మొదటి ఏడెనిమిది నెలలు మీకు పని సగానికి తగ్గవచ్చు. వయొలిన్ పనే మొత్తంగా తగ్గుతోందన్న సంగతి మీకు తెలుసు. కొంత కీబోర్డు మీద అయిపోతోంది, పెద్ద సినిమాలకు కొందరు బుడాపెస్ట్, స్కోప్యే నగరాల వాద్యబృందాలతో రికార్డు చేయించుకుంటున్నారు. ఇళ్లలోని చిన్న స్టూడియోలలో, సొంత పాటల పనుల్లో యూనియన్ మాట సాగడం కష్టం. పాత 87,000 కూడా కార్డు రాగానే వచ్చిపడదు. ఆ రికార్డింగులు మీరు సభ్యురాలు కాకముందువి.

ఇంకొకటి. సభ్యత్వం అంటే ఆపమన్నప్పుడు ఆపడం కూడా. 2025 ఆగస్టులో 30 శాతం వేతనాల పెంపు కోరుతూ తెలుగు సినీ కార్మిక సంఘాలు సమ్మె చేస్తే పద్దెనిమిది రోజులు షూటింగులు నిలిచాయి. చివరికి కోరినంత రాలేదు, దశలవారీగా కొంత పెరిగింది. ఆ పద్దెనిమిది రోజుల కూలి మాత్రం ఎవరికి వారే పోగొట్టుకున్నారు. మీ ఇంట్లో ఒక స్థిరమైన జీతం ఉంది కాబట్టి మీరు తట్టుకోగలరు. తట్టుకోలేనివారి కోసం కూడా మీరు ఆగవలసి వస్తుంది. దీనికి మనసు సిద్ధపడితేనే చేరండి.

ఇక రుసుము. 1,20,000 పెద్ద మొత్తమే, మీ భర్త జంకడంలో అన్యాయం లేదు. ఆయన ముందు ఒక చిన్న లెక్క పెట్టండి. బిల్లులో 6,000, మీ చేతికి 3,000. తేడా కాల్‌షీటుకు మూడు వేలు. నలభై కాల్‌షీట్లకు ఆ తేడా సరిగ్గా 1,20,000. మీ లెక్క ప్రకారం అది పది నెలల పని. అంటే ఈ రుసుమును మీరు ఇప్పటికే ఒకసారి, వేరే చోట కట్టేశారు. ఇంతమాత్రాన అన్నయ్య ఆ మూడు వేలూ మింగేశాడని నేను అనడం లేదు. వాద్యకారులను సమకూర్చడం, స్వరాలు రాయించడం, స్టూడియో సమయం మారితే పదిమందికి ఫోన్లు చేయడం కూడా పనే. దానికి ప్రతిఫలం న్యాయం. అది ఎంతో మీకు ముందుగా తెలియకపోవడం అన్యాయం.

అయినా ఆ రుసుము కళ్లు మూసుకుని కట్టవద్దు. ముందు నియమావళి ప్రతి అడిగి తీసుకోండి. వాయిదాల్లో కట్టవచ్చా, మొదటి రోజు నుంచే ఓటు హక్కు ఉంటుందా, జబ్బు చేసి ఆరు నెలలు వాయించలేకపోతే ఏం ఇస్తారు, బాకీ పడ్డ నిర్మాత విషయంలో గత ఏడాది ఏం చేశారు, లెక్కలు సభ్యులకు చూపిస్తారా అని అడగండి. చివరి ప్రశ్నకు విసుక్కుంటే అది ఒక గుర్తు. మీ భుజం నొప్పి గురించి రాశారు కాబట్టి జబ్బు విషయం తప్పక అడగండి. పది ట్రాకులు ఏకబిగిన వాయించే పనికి అదనపు లెక్క ఏమైనా ఉందా అన్నది కూడా. అమెరికా సంగీతకారుల సమాఖ్య ఒప్పందాల్లో ఒకే మనిషి రెండో వాద్యం వాయిస్తే అదనంగా చెల్లించాలన్న నియమం ఎప్పటినుంచో ఉంది. ఒక్క మనిషి నుంచి ఇద్దరి పని తీసుకుంటే ఆ అదనపు పనికి లెక్క కట్టాలన్నదే దాని వెనుక ఉన్న ఆలోచన. మన దగ్గర అది లేకపోతే, అడగడానికి లోపల మీలాంటి వయొలినిస్టు ఉండాలి.

ఆడవాళ్లు లేరన్న మాట, అయిదేళ్ల నివాసం మాట విని మీరు వెనుదిరిగి వచ్చేశారు. ఆ రెండింటికీ సుప్రీంకోర్టు 2014 నవంబర్‌లోనే జవాబు చెప్పింది. ముంబయిలో చారు ఖురానా అనే మేకప్ కళాకారిణికి అక్కడి సంఘం స్త్రీ అన్న కారణంగా మేకప్ కళాకారిణి సభ్యత్వం నిరాకరించింది. మహారాష్ట్రలో అయిదేళ్లు నివసించి ఉండాలన్న నియమం కూడా ఆ సంఘానికి ఉండేది. కోర్టు రెండింటినీ కొట్టివేసింది. మళ్లీ వెళ్లినప్పుడు గొడవ పడనవసరం లేదు. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. నిరాకరిస్తే కారణం కాగితం మీద రాసి ఇవ్వమనండి. నోటితో తేలిగ్గా అనేసిన మాటను కాగితం మీద పెట్టడానికి చాలామంది వెనుకాడతారు.

జరిమానా భయం గురించి. కొన్ని సంఘాలలో బయటివారితో పనిచేయకూడదన్న పట్టుదల ఉన్న మాట నిజం. కేరళలో ఒక దర్శకుడితో పనిచేయవద్దని సభ్యులను అడ్డుకున్నందుకు అక్కడి సినీ సంఘాలకు, వ్యాపారంలో పోటీని అడ్డుకోకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ 2017లో జరిమానా విధించింది. 2020లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. కాబట్టి అన్నయ్య చెప్పినంత సూటిగా మీ మీద జరిమానా పడుతుందని అనుకోకండి. నియమావళిలో ఏముందో చదివాకే నమ్మండి.

ఇప్పుడు మీ ముందున్న దారుల సంగతి చూద్దాం.

వెంటనే చేరిపోవడం ఒక దారి. చేతిలో ఏడాది పాటు పని తగ్గినా నిలబడే డబ్బు ఉండి, అన్నయ్య కాకుండా కనీసం ముగ్గురు నలుగురు సంగీత దర్శకులకు మీ వాయిద్యం నేరుగా తెలిసి ఉంటే ఇదే మంచిదని నా అభిప్రాయం. మీ ఉత్తరాన్ని బట్టి ఆ మూడో నాలుగో పేర్లు ఇంకా లేవు. అలాంటప్పుడు ఇవాళ చేరితే కార్డు ఉంటుంది, పిలుపు ఉండదు.

ఆరు నెలలు గడువు పెట్టుకుని సిద్ధపడి చేరడం రెండో దారి. నాకు ఇదే మీకు తగినదిగా తోస్తోంది, అయితే ఇందులో ఒక ప్రమాదం ఉంది. గడువు జారుతూ పోతుంది. కాబట్టి తేదీ మీ భర్తకు చెప్పి పెట్టండి. ఈ ఆరు నెలల్లో ఒక నోటుపుస్తకంలో ప్రతి రికార్డింగు తేదీ, స్టూడియో, వేళలు, పాట లేదా రీరికార్డింగు (నేపథ్య సంగీతం), ఎన్ని ట్రాకులు, చెప్పిన మొత్తం, అందిన మొత్తం రాయండి. పని ఒప్పుకోగానే అన్నయ్యకు ఫోనులో ఒక సందేశం పంపండి: "అన్నయ్యా, శనివారం ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట, మూడు వేలు అని గుర్తు పెట్టుకున్నాను." ఇందులో నిష్ఠూరం లేదు, నిందా లేదు. రేపు యూనియన్ మీ తరఫున మాట్లాడాలన్నా, మీరే మాట్లాడవలసి వచ్చినా ఆ సందేశాలే ఆధారం.

ఈ లోపు మీ పేరు వేయించుకోవడం మొదలుపెట్టండి. ఇది కీర్తికాంక్ష అని మీరు సిగ్గుపడతారేమో. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రకారం వాద్యకారులూ ప్రదర్శకులే, ప్రదర్శన మీద వారి హక్కు 50 ఏళ్లు ఉంటుంది. సినిమాలో వాడుకోవడానికి రాసి ఇచ్చాక నిర్మాతను అడ్డుకునే వీలు మామూలుగా ఉండదు గానీ, వాణిజ్యంగా వాడుకున్నప్పుడు రాయల్టీ పొందే హక్కు మిగిలే ఉంటుంది. అదే చట్టంలో ఒక మెలిక ఉంది. సినిమాలో చిన్నపాటి, ప్రధానం కాని ప్రదర్శన చేసి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం ఎక్కడా పేరు రానివారిని ఈ రాయల్టీకి ప్రదర్శకులుగా లెక్కించరు. అందువల్ల పాట వివరాల్లో "వయొలిన్" పక్కన మీ పేరు ఉండటం ఒక ఆస్తి పత్రం లాంటిది. రాయల్టీ వసూలు యూనియన్ పని కాదని కూడా గుర్తుంచుకోండి. దానికి వేరే సంఘం ఉంది. 2013లో గాయకుల హక్కుల సంఘంగా నమోదై, తర్వాత వాద్యకారులను కూడా కలుపుకున్న ఇసామ్రా. యూనియన్ కార్డు లేకపోయినా అక్కడ సభ్యత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ రెండింటినీ ఒకటే అనుకుని చాలామంది రెండూ వదులుకుంటారు.

పాఠాలు చెప్పుకోవడం మూడో దారి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన కళాశాలలో చదువుకున్నవారికి పాఠం చెప్పడం చిన్నతనం అని ఎవరూ అనలేరు. ఇష్టంతో వెళితే అది గొప్ప దారి. మీరు మాత్రం ఆ మాట అలసిపోయి రాశారు. ఆ పేజీలో చేతిరాత కూడా మారింది. బాకీ తేలకముందు ఆ నిర్ణయం తీసుకుంటే ఏళ్ల తరబడి రికార్డింగ్ స్టూడియో దాటినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. కొద్దిమంది పిల్లలను ఇప్పుడే మొదలుపెట్టి, ఆ రాబడిని పని తగ్గే నెలల కోసం ఉంచుకోవడం వేరే సంగతి. అది రెండో దారికి బలం.

అన్నిటికంటే తొందరగా తేల్చవలసింది వచ్చే వారం పని. ఇంగ్లీషు కాగితం గురించి మీరు ఉత్తరం చివర నాలుగు వాక్యాలు రాశారు. నా దృష్టిలో ఉత్తరం మొత్తంలో ప్రమాదకరమైనది అదే.

పాట రికార్డింగులో మీరు ఇచ్చేది ఒక పాటకు సరిపడా వాయిద్యం. ఇక్కడ అడుగుతున్నది మీ చేతిని. ప్రతి స్వరం, మెల్లగా, గట్టిగా, కమాను సాగదీసి, కొట్టి, మీటి, గమకంతో, గమకం లేకుండా. ఆ రెండు రోజుల తర్వాత కీబోర్డు ముందు కూర్చున్న ఎవరైనా మీ వయొలిన్ వాయించగలరు. ఆ కాగితంలో కృత్రిమ మేధకు శిక్షణ ఇచ్చుకోవచ్చన్న మాట కూడా ఉంటే, కీబోర్డు ముందు మనిషి కూడా అక్కరలేదు. కాపీరైట్ చట్టం మీ ప్రదర్శనను రికార్డు చేసే, ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరిచే హక్కును మొదట మీ చేతిలోనే పెట్టింది. ఆ సంతకంతో మీరు అమ్ముతున్నది ఆ హక్కునే. 15,000కు, ఎన్నేళ్లకో తెలియకుండా.

ఈ భయం కొత్తది కాదు. రికార్డులు, రేడియో వచ్చి తమ పని తినేస్తున్నాయని అమెరికా సంగీతకారుల సమాఖ్య, జేమ్స్ పెట్రిల్లో నాయకత్వంలో, 1942 ఆగస్టు 1 నుంచి రికార్డింగులు నిలిపివేసింది. పెద్ద కంపెనీలు 1944 దాకా పట్టుపట్టి చివరికి దిగివచ్చాయి. అమ్ముడుపోయే రికార్డుల మీద కొంత సొమ్ము ఒక నిధికి చేరేలా, ఆ నిధితో పనిలేని వాద్యకారులకు కచేరీలు ఏర్పాటు చేసేలా ఒప్పందం కుదిరింది. అదే సమాఖ్య 2024లో సినిమా, టీవీ నిర్మాణ సంస్థలతో చేసుకున్న ఒప్పందంలో కృత్రిమ మేధ నుంచి రక్షణలు రాయించుకుంది. ఒక్క వయొలినిస్టు వెళ్లి ఆ షరతులు అడిగితే నవ్వి పంపేవారు. మీరు వద్దంటే మరొకరు 12,000కు చేస్తారని మీకూ తెలుసు. యూనియన్ ఎందుకన్న దానికి ఇది రెండో జవాబు. ఒంటరిగా కాదనలేని పనిని కలిసి కాదనవచ్చు.

వచ్చే వారానికి ఆ రక్షణ మీకు లేదు. కాబట్టి కాగితం రెండు రోజులు ముందుగా ఇంటికి తెప్పించుకోండి, తెలుగులో అర్థం చెప్పగల న్యాయవాదికి చూపించండి. ఏ పనికి వాడతారు, ఇతరులకు అమ్ముతారా, యంత్రాలకు శిక్షణ ఇస్తారా, ఎంతకాలం, అమ్మకంపై వాటా ఉందా అన్నవి చూడమనండి. శిక్షణకు, మరొకరికి అమ్మకానికి వీలు లేదన్న వాక్యం చేర్పించమని అడగండి. ఒప్పుకుంటే చేయండి. ఒప్పుకోకపోతే 15,000 పోతుంది, ఆ నెల ఇబ్బంది అవుతుంది. ఆ నష్టం భరించమని నేను అనగలను గానీ భరించవలసింది మీరు, అందుకే నిర్ణయం మీదే.

అన్నయ్యతో పాత బాకీ మాట ఎప్పుడు ఎత్తాలన్నది మిగిలింది. బిల్లు చూశానన్న సంగతితో మొదలుపెట్టకండి. అలా మొదలైతే ఆయన తనను తాను కాపాడుకునే పనిలో పడతాడు, డబ్బు మాట పక్కకు పోతుంది. 29 తేదీల జాబితా ఒక కాగితం మీద రాసుకుని వెళ్లి, "అన్నయ్యా, ఇవి నా దగ్గర ఉన్న లెక్కలు, మీ లెక్కతో సరిపోతాయేమో చూడండి, నెలకు పది వేల చొప్పున ఇచ్చినా సర్దుకుంటాను" అనండి. ఇస్తే తొమ్మిది నెలల్లో తేలిపోతుంది. రెండు నెలలు ఏమీ ఇవ్వకపోతే కొత్త కాల్‌షీట్లకు ముందుగా సగం అడగండి. అప్పుడు పిలుపులు ఆగిపోవచ్చు. అప్పటికి మీరు కార్డు తీసుకుంటానని పెట్టుకున్న గడువు ఇంకా నాలుగు నెలల దూరంలో ఉంటుంది, అంతవరకు ఆగకుండా ముందే చేరిపోండి.

ఈ మాటలేవీ వాళ్లింట్లో జరగకూడదు. స్టూడియో బయటో, టీ దుకాణం దగ్గరో మాట్లాడండి. అమ్మగారి దగ్గరకు మాత్రం ఈ నెలలోనే ఒకసారి వెళ్లండి, వయొలిన్ తీసుకుని వెళ్లండి. గురువుగారు నేర్పిన కీర్తన ఏదైనా ఆవిడ ముందు కూర్చుని వాయించండి. ఆ అన్నం బాకీ అన్నయ్యకు ఉన్నది కాదు, ఆవిడకు ఉన్నది. అది ఆ ఇంట్లోనే, ఆ చేతులతోనే తీర్చుకోండి.